బెండు పలక మీద తేనె

ఒర్తుయే, 11 మే 1986

ప్రియమైన చెల్లి అన్నీకాకు,

మరియ తల్లి నిన్నూ మీ ఆయన రెమోనూ ఆ తొరీనో పొగలో చల్లగా కాపాడుగాక. నీ మోకాలికి వెచ్చటి ఆలివ్ నూనె రాయి. డాక్టరు మాట తర్వాత వినవచ్చు.

ఇక్కడ అన్నయ్య ఈ వేసవిలో కూడా అతిథులకు భోజనం పెట్టి తీరతానని పంతం పట్టాడు. వదిన పోయిన దగ్గర్నుంచి ఆయనకు ఇల్లు నిండుగా కనబడాలి. పోయినేడు వచ్చిన మిలానో వాళ్ళు కాల్చిన మాంసం మెచ్చుకోలేదట, చివర్లో నేను పెట్టిన చీజ్, తేనె గురించే దారంతా మాట్లాడుకున్నారట. అందుకని కొండమీది బెండు చెట్టు బెరడు ఒలిపించి, పసివాడు పడుకునేంత పలక చేయించాడు. "ఇక దీనిమీద నీ ఇష్టం బొనారియా" అన్నాడు. నా ఇష్టం అని అన్నయ్య అనడం ఇదే మొదటిసారి. అది పలక విషయం అయినా సరే, సంతోషించాను.

తేనె గవీనో తెస్తున్నాడు. నీకు గుర్తుండదు, పై ఊరివాడు, భార్య పోయి తొమ్మిదేళ్ళయింది, తల్లితో ఉంటాడు. మొదట గురువారాలు వచ్చేవాడు, తర్వాత సోమవారం కూడా. ఏ తేనె ఏ చీజ్ పక్కన నిలుస్తుందో ఇద్దరం పెట్టి చూస్తున్నాం. లేత చీజ్‌కి తెల్లపూల తేనె సరిపోయింది. పొగ పెట్టినదానికి ముళ్ళపొదల తేనె. ఏడాది మాగిన దానికి ఏదీ నిలవలేదు, పోయిన చలికాలపు చేదు తేనె తప్ప. నేను తేనెను చీజ్ మీద పోయబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బొనారియా, వీళ్ళిద్దరూ అత్తాకోడళ్ళు. ఒకే పలక మీద ఉండాలి గాని ఒకరి నెత్తిన ఒకరు ఎక్కకూడదు" అన్నాడు. నేను నవ్వాను. అంత గట్టిగా నవ్వి చాలా రోజులైంది, నాకే సిగ్గేసింది.

ఇప్పుడు రోజూ వస్తున్నాడు. ఆడవాళ్ళు తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. జపమాల చెప్పుకుంటుంటే మధ్యలో లెక్క తప్పిపోతోంది. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. నాకోసం ప్రార్థించు.

నీ అక్క,
బొనారియా

*

తొరీనో, 24 మే

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. రెమో నైట్ షిఫ్టునుంచి వచ్చేదాకా ఆగి అతనికి కూడా చదివి వినిపించాను. "మీ అక్క పాపం నోరున్నది కాదు, ఎవడో మీద పడుతున్నాడు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. నువ్వు జపమాల లెక్క తప్పావంటే ఎంత కంగారులో ఉన్నావో నాకు తెలియదా? అమ్మ చనిపోయిన రోజు కూడా నువ్వు లెక్క తప్పలేదు.

పెళ్ళికాని ఆడదాని గుమ్మంలోకి భార్య లేనివాడు రోజూ రావడమేంటి? తేనె సీసా ఇచ్చి పోవడానికి అత్తాకోడళ్ళ కథలెందుకు? నువ్వు మొహమాటపడి ఊరుకుంటావు, ఊళ్ళో మాట పుడుతుంది. నేను అన్నయ్యకు ఒక ముక్క రాస్తున్నాను. నీ మీద మాట రాకుండా, అతన్ని అవమానించకుండా, పాతకాలంలో పెద్దవాళ్ళు చేసిన పద్ధతి ఒకటుందిగా. అన్నయ్యకు తెలుసు. నువ్వు నిశ్చింతగా ఉండు.

మా బాల్కనీలో తులసి వేశాను. కింది ఇంటావిడకు చీజ్‌లో తేనె అద్దుకుని తినమని ఇస్తే, "మీ దీవిలో చక్కెర దొరకదా?" అంది. మొద్దు మొహం.

నీ చెల్లి,
అన్నీకా

*

ఒర్తుయే, 12 జూన్

అన్నీకా,

దేవుని శాంతి నీతో ఉండుగాక. నీ ఉత్తరం నిన్న అందింది. చదివి చాలాసేపు వంటింటి గడపమీద కూర్చున్నాను. నాకు ఇబ్బంది అని నేను ఎక్కడా రాయలేదే. మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను, రాయలేదు. అన్నయ్యకు ఇంకా రాయకపోతే రాయవద్దు. రాసి ఉంటే, నీకు పొరపాటుగా అర్థమయిందని మరో ముక్క రాయి. నేనే ఆయనతో చెబుదామంటే, దేని గురించి అని అడుగుతాడు. ఏమని చెప్పను?

నీకు మాత్రం చెబుతాను. సోమవారం నాడు గవీనో కొత్త తేనె తెచ్చాడు. ఎండకు చీజ్ చెమటపడుతోంది. ఇద్దరం పలకను కొట్టం నీడలోకి జరిపాం. చీజ్ కోస్తుంటే అతను నా చేతులకేసి చూస్తూ, "చేదు తేనె కార్తెకి, నవంబరులో, నేను పై గుడిసెలో ఒక్కణ్ణే ఉంటాను. అమ్మ ముసలిదైపోయింది. అక్కడ చీజ్ కొయ్యడానికి ఓ మంచి చెయ్యి ఉంటే బాగుండును" అన్నాడు.

"ఏ చెయ్యి?" అన్నాను, కత్తి ఆపకుండా.

"తొందరపడి కొయ్యని చెయ్యి" అన్నాడు.

నాకు యాభై ఏళ్ళు అన్నీకా. అమ్మ మంచం దగ్గర ఇరవై ఏళ్ళు, అన్నయ్య పొయ్యి దగ్గర ఆరేళ్ళు. నన్ను ఎవరూ ఏదీ అడగలేదు, చెయ్యమని చెప్పారంతే. పునీత యోహాను పండుగ వెళ్ళనివ్వమని, ఆ తర్వాత జవాబు చెబుతానని అన్నాను. జవాబు ఏమిటో నాకు అప్పుడే తెలుసు. అయినా వెంటనే అవునంటే ఏమనుకుంటాడో అని ఆగాను. ఫాదర్ సెరాఫీనో దగ్గర పాపసంకీర్తనంలో ఇది కూడా చెప్పుకున్నాను. "ఇందులో పాపం ఏదమ్మా?" అని నవ్వారు.

దయచేసి ఎవరికీ చెప్పకు. రెమోకి కూడా.

బొనారియా

*

ఒర్తుయే, 26 జూన్

చెల్లీ,

యోహాను పండుగ అయిపోయింది. నేను క్షేమం.

ఆ రోజు పొద్దున అన్నయ్య నన్ను పాల గదిలోకి పిలిచాడు. "గవీనో ఒక సంగతి అడిగాడు. నీతో యోహాను బంధం కలుపుకోవాలని ఉందట. రోజూ వచ్చిపోతున్నాడు కదా, ఊళ్ళో మాట పడకుండా గౌరవంగా ఉంటుందని. నేను సరేనన్నాను" అన్నాడు. నా చేతిలో పాల గరిటె ఉంది. దాన్ని కడిగాను. మళ్ళీ కడిగాను.

నీకు తెలుసు, చిన్నప్పుడు చూశావు. మంట మీంచి మూడుసార్లు కలిసి దూకినవాళ్ళు నెత్తుటి బంధువులకన్నా ఎక్కువ. వాళ్ళమధ్య అబద్ధం ఉండకూడదు, కోపం ఉండకూడదు, 'నువ్వు' అనే పిలుపు ఉండకూడదు, మగవాణ్ణి కొంపారె అని, ఆడదాన్ని కొమారె అని 'మీరు' అంటూ పిలవాలి. పెళ్ళి అసలే ఉండకూడదు. సొంత అన్నను పెళ్ళాడినదానికంటే ఘోరం అంటారు.

పొద్దు వాలేవేళ పెరట్లో మంట వేశారు. అతిథులు పద్నాలుగు మంది. నేను పలక సర్ది తెచ్చాను, లేతది ముందు, మాగినది చివర. అన్నయ్య నా చేతిలోంచి పలక అందుకుని, "ఇవాళ మా చెల్లి, గవీనో కొంపారె, కొమారె అవుతున్నారు" అని గట్టిగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గవీనో నావైపు చూడలేదు, నేల చూస్తున్నాడు. తానే అడిగి ఎందుకలా ఉన్నాడో నాకు అర్థం కాలేదు. బహుశా నేను గడువు అడగడం అతనికి నచ్చలేదేమో, మనసు మార్చుకుని మర్యాదగా తప్పుకున్నాడేమో అనుకున్నాను. పదిమందిలో వద్దంటే యోహానుకు అవమానం, అతనికి అవమానం. రుమాలు ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస అతను. దూకాం. మూడోసారి నా చెప్పు ఊడి నిప్పుల్లో పడింది. ఒక జర్మను ఆయన దాన్ని కర్రతో తీసి ఇచ్చాడు.

"మీకు కాలిందా, కొమారే?" అన్నాడు గవీనో.

"లేదు, కొంపారే" అన్నాను.

అంతే. నీ తులసి ఎలా ఉంది?

అక్క

*

తొరీనో, 1 జూలై

అక్కా అక్కా!

తపాలా సమ్మె, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కాని అన్నయ్య నిన్న ఊళ్ళో కాఫీ కొట్టునుంచి ఫోను చేశాడు! అంతా దివ్యంగా జరిగిందట! నేను రాసింది అదే కదా, "ఇద్దరికీ యోహాను బంధం కలిపెయ్, ఊరి నోళ్ళు మూతపడతాయి, అక్కకి ఆ బెడద వదులుతుంది" అని. ఇప్పుడు అతను వందసార్లు వచ్చినా ఎవరేమంటారు? నీకో కొత్త బంధువు దొరికాడు. పైగా నీ పలక గురించి ఎవరో పత్రికాయన రాస్తాడట, అన్నయ్య సంతోషం పట్టలేకపోయాడు.

ఈసారైనా నీ చెల్లి ఒక మంచి పని చేసిందని ఒప్పుకో.

అన్నీకా

*

తొరీనో, 9 జూలై

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళ ఒకేసారి వచ్చాయి.

పన్నెండో తారీఖుది మూడుసార్లు చదివాను. ఇరవయ్యారుది పూర్తిగా చదవలేకపోయాను, రెమో చదివి వినిపించాడు. నన్ను తిట్టు. దయచేసి తులసి గురించి అడగకు. తిట్టు.

అన్నీకా

*

ఒర్తుయే, 20 జూలై

అన్నీకా,

నేను నిన్ను తిట్టను. తిట్టడానికి ఏం మాటలు వాడాలో కూడా సరిగా తెలియదు. నువ్వు నా ఉత్తరంలో లేనిది చదివావు, నేను ఉన్నది రాయలేదు. ఇద్దరి తప్పూ ఉంది.

ఇక్కడ రోజూ పన్నెండు గంటలకు పలక పెడుతున్నాను. అరగంట ముందు చీజ్‌ను నేలమాళిగలోంచి తియ్యాలి, మరీ ముందు తీస్తే నూనె కారుతుంది. అంచు చుట్టూ వరసగా సర్దుతాను, ప్రతి చీజ్ పక్కనా దాని తేనె చిన్న గిన్నెలో, మధ్యలో పలచటి కరకర రొట్టె. పత్రికాయన వచ్చి ఫోటో తీశాడు. పలకనూ నన్నూ కలిపి తీశాడు. అన్నయ్య వచ్చే ఏడు ఈస్టర్ దాకా అతిథులను ఒప్పుకున్నాడు. "నిన్ను చూడటానికే వస్తున్నారే" అంటాడు. అందరూ మెచ్చుకుంటున్నారు. ఒక్కొక్క మెప్పూ తలుపుకు ఇంకో గడియలా ఉంది.

గవీనో వస్తాడు. తేనె మెట్టుమీద పెడతాడు. లోపలికి రమ్మంటే, "పని ఉంది కొమారే, మన్నించండి" అంటాడు. ఆ 'అండి' నాకు గొంతు దిగదు.

మొన్న ధైర్యం చేసి అన్నయ్యను అడిగాను. ఆయన ఉన్ని కత్తెర నూరుకుంటున్నాడు.

"అన్నయ్యా, యోహాను బంధం గవీనోయే అడిగాడా?"

"ఎవరడిగితే ఏంటే ఇప్పుడు? మంట ఆరిపోయింది."

"అన్నీకా రాసిందట కదా."

"రాసింది. వాడు నిన్ను వేధిస్తున్నాడని రాసింది. నా ఇంట్లో నా చెల్లెలి మర్యాద నిలబెట్టాను. తప్పా?"

"నన్నెవరూ వేధించలేదు."

"మరేం చేశాడు?"

చెప్పలేకపోయాను. ఆయన కత్తెర అంచు చూసుకుని, "నీకే తెలీదు. పో, చీజ్ బయటికి తియ్, టైమవుతోంది" అన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, మెల్లగా, "నువ్వు కూడా పోతే ఈ ఇంట్లో నేనొక్కణ్ణే బొనారియా" అన్నాడు. ఆయన గొంతు అలా వినడం వదిన పోయాక మళ్ళీ అప్పుడే. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

ఫాదర్ సెరాఫీనో దగ్గరకు వెళ్ళాను. "ఆ మంటకు తిరుసభ చట్టంలో చోటు లేదమ్మా. అది మన జనం కట్టుకున్నది. నేను పెళ్ళి చాటింపు వేస్తాను, ఏ అడ్డూ లేదు" అన్నారు. ఫాదర్ గారు కాల్యరీ పట్నంలో పుట్టినవారు. ఈ కొండల్లో పుట్టి ఉంటే అంత తేలిగ్గా అనేవారు కాదు. నేను దూకేటప్పుడు యోహాను పేరు మూడుసార్లు పలికాను.

ప్రార్థించు.

బొనారియా

*

తొరీనో, 2 ఆగస్టు

అక్కా,

ప్రార్థనలు చాలు. గవీనోను అడుగు! అన్నయ్య నీతో ఒకటి చెప్పినవాడు, అతనితో ఇంకొకటి చెప్పకుండా ఉంటాడా? నువ్వు అడగలేకపోతే నేనే అతనికి ఒక ఉత్తరం...

సరే, సరే. రాయను. రెమో పెన్ను లాక్కున్నాడు. ఈ జన్మకు నా ఉత్తరాలు చాలట.

కాని నువ్వు అడుగు.

అన్నీకా

*

ఒర్తుయే, 17 ఆగస్టు

అన్నీకా,

మరియ తల్లి మోక్షారోపణ పండుగ పూజలో సత్ప్రసాదం తీసుకుని, ఆ తల్లి స్వరూపం ముందు చాలాసేపు కూర్చున్నాను. మరునాడు గవీనో నీలగిరి చెట్ల పూల తేనె తెచ్చాడు. మెట్టుమీద పెట్టి తిరగబోతుంటే పిలిచాను.

"కొంపారే, ఒక మాట అడగాలి. మన మధ్య అబద్ధం ఉండకూడదు కదా."

"ఉండకూడదు. అడగండి."

"ఈ బంధం కావాలని మీరు అడిగారా?"

ఆయన మొహం చూస్తూ ఉండగానే తెల్లబోయింది. "నేనా? మీరు అడిగారనే కదా కొమారే నేను దూకింది! మీ అన్న ప్రేదు మా ఇంటికొచ్చి మా అమ్మ ముందే చెప్పాడు. మా చెల్లికి పెళ్ళి మాట ఇష్టం లేదు, నిన్ను నొప్పించలేక ఇలా గౌరవంగా ముగించమంది అని."

మెట్టుమీద, తేనె సీసాల పక్కన కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు. లోపల అతిథులు నవ్వుకుంటున్నారు. అన్నయ్య వాళ్ళకు ఏ చీజ్ ముందు తినాలో చెబుతున్నాడు, వరస తప్పు చెబుతున్నాడు.

"నేను అవునని చెబుదామనుకున్నాను" అన్నాను. "పండుగ మర్నాడు చెబుదామనుకున్నాను."

"ఇప్పుడు చెబుతున్నారా!" అన్నాడు. కోపంగా కాదు. దెబ్బ తగిలినవాడు అన్నట్టు.

ఫాదర్ గారి మాట చెప్పాను. ఆయన తల ఊపాడు. "ఫాదర్ గారి పుస్తకంలో లేకపోవచ్చు. నా కాళ్ళు దూకాయి కదా. మా నాన్న తన కొంపారె పోతే ఏడాదిపాటు గడ్డం గీయలేదు. అలాంటి ముడి విప్పి పెళ్ళాడితే, పై ఊళ్ళో మా అమ్మతో ఎవరూ మాట్లాడరు. ఆమెకు ఎనభై నాలుగు."

"నాకు ఇప్పటికీ అవుననే" అన్నాను. ఇంత మాట ఎలా అన్నానో తెలియదు.

ఆయన వెళ్ళిపోయాడు. ఈ వారం తన తేనె పెట్టెలు పై అడవికి తరలిస్తున్నాడట. తేనె ఇకనుంచి బస్సులో పంపిస్తానని కబురు పెట్టాడు.

నేను లోపలికి వెళ్ళి పలక సరిచేశాను.

బొనారియా

*

ఒర్తుయే, 5 అక్టోబరు

అన్నీకా,

ఇది కాస్త శ్రద్ధగా చదువు. ఇందులో లేనిది చదవకు.

ఆరు వారాలు గవీనో రాలేదు. తేనె బస్సులో వచ్చింది, నేను పలక పెట్టాను. ఇక ఇంతే అనుకున్నాను. ఇంతే అనుకోవడం నాకు అలవాటే. పోయిన సోమవారం ఆయన వచ్చాడు, తల్లిని గాడిదమీద కూర్చోబెట్టుకుని. ఆవిడ పెరట్లోనే దిగి, అన్నయ్యను పిలిచి, అతిథులందరి ముందూ అడిగింది.

"ప్రేదూ, మా ఇంటికొచ్చి నాతో చెప్పిన మాట నీ చెల్లి అందా?"

అన్నయ్య, "లోపలికి రా అవ్వా, కూర్చుని మాట్లాడదాం" అన్నాడు.

"నాకు కూర్చుంటే లేవడం కష్టం. అందా, అనలేదా?"

అన్నయ్య అతిథులకేసి తిరిగాడు. ఆవిడ కర్ర నేలకు కొట్టి, "యోహాను పేరు చెప్పి అబద్ధంతో దూకిస్తే అది యోహాను బంధం కాదురా, ప్రేదు బంధం. దాన్ని విప్పడానికి ఏ పునీతుడి సెలవూ అక్కర్లేదు. ఇది తేల్చుకోవడానికి నా కొడుక్కి ఆరు వారాలు పట్టింది, వాళ్ళ నాన్నలాగే మందం" అంది. గవీనో చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఆయన నా దగ్గరకు వచ్చి, అందరూ వింటుండగా, "బొనారియా, నువ్వు వస్తావా?" అని అడిగాడు. వస్తానన్నాను.

ఇవాళ పూజలో ఫాదర్ గారు మొదటి చాటింపు చదివారు. ఎడమవైపు వరసల్లో ఆడవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోయారు. నాతో చిన్నప్పుడు ఉపదేశం చదువుకున్న పస్కా కూడా.

అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. కాని నువ్వు మే నెలలో రాసిన ఉత్తరం కాఫీ కొట్టులో అందరికీ చూపిస్తున్నాడు. "చూడండి, సొంత చెల్లెలే రాసింది, వాడు దీన్ని వేధించాడని. ఇప్పుడు మంత్రం వేసి లొంగదీశాడు" అని. నేను కాదంటే, నాకు నోరు లేదని ఊరికంతా తెలుసు కదా, గవీనో నేర్పిన మాటలంటారు. ఆ ఉత్తరం పొరపాటని చెప్పగలిగేది దాన్ని రాసిన మనిషి ఒక్కతే. కాగితం మీద కాదు. కాగితాలు చాలు.

పెళ్ళి ఇరవయ్యారో తారీఖు ఆదివారం, పది గంటల పూజ. నా తరఫున సాక్షి సంతకం చేసేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. సంతకం చేసినవాళ్ళు మళ్ళీ తన గడప తొక్కకూడదని అన్నయ్య చెప్పాడు. నువ్వు చేస్తే అమ్మ ఇంట్లోకి నీకు దారి ఉండదు. అది చిన్న సంగతి కాదని నాకు తెలుసు. నువ్వు సెలవులకు రావడానికి ఉన్న ఇల్లు అదొక్కటే. గవీనో ఇల్లు రెండు గదులు, చలికాలం గుడిసె ఒకటి.

అప్పటిదాకా నేను ఈ ఇంట్లోనే ఉంటాను. రేపు పన్నెండింటికి ఎనిమిది మంది వస్తున్నారు, పలక పెట్టాలి. అన్నయ్య పక్కనే నిలబడి రొట్టె విరుస్తాడు. ఒక్కోసారి ఆయన చేతులు చూస్తే నా గుండె మెత్తబడుతుంది. ఇంకా ఇరవై రోజులు. ఈ ఇరవై రోజుల్లో నేను మళ్ళీ 'సరే అన్నయ్యా' అనేస్తానేమోనని భయంగా ఉంది.

నేను ఎవరినీ ఏమీ అడిగినదాన్ని కాదు. నీకు వీలైతే, ఇబ్బంది లేకపోతే, రెమో ఒప్పుకుంటే అని రాయబోయి కొట్టేశాను.

రా.

బొనారియా